ముగ్గురం, మూడు ఆటలు

కొంచెం పెద్ద పోస్టు, టెన్నిస్ గురించి.

మా హాస్టల్ నుంచి కాలేజీ కోర్టుకి వెళ్లేది ముగ్గురమే. రెండేళ్ల కింద ర్యాకెట్ పట్టిన రోజే ఒక సార్ అన్నారు, "మీరు ఏజెన్సీ పిల్లలు కదా, పరుగు బాగా వస్తుంది. అన్ని బంతులూ అందుకోండి చాలు" అని. మెచ్చుకున్నారనే అనుకోవాలి. మాకు మాత్రం గుచ్చుకుంది. పరుగు తప్ప ఇంకేం రాదా మాకు? ఆ కోపంతో ప్రతి బంతినీ బలంగా బాదడం మొదలుపెట్టాం. పోయిన ఏడాది ఇంటర్ కాలేజీ పోటీల్లో ముగ్గురం మొదటి రౌండ్‌లోనే అవుట్.

తర్వాత నుంచి ప్రాక్టీస్‌లో పోయిన పాయింట్లు నోటుబుక్కులో రాసుకున్నాం. ఒక మ్యాచ్‌లో 52 పోతే అందులో 33 మేమే నెట్‌కో, బయటికో కొట్టినవి. అవతలివాడు మమ్మల్ని ఓడించనే లేదు!

అప్పుడే 1989 ఫ్రెంచ్ ఓపెన్ వీడియో చూశాం. నాలుగో రౌండ్. 17 ఏళ్ల మైకేల్ చాంగ్ మీద నంబర్ వన్ ఇవాన్ లెండిల్. చాంగ్ పేరే పరుగుకి. రెండు సెట్లు పోయాక ఆ కాళ్లే పట్టేశాయి. బంతిని ఎత్తుగా లేపాడు, ఒకసారి చెయ్యి కింద నుంచి సర్వ్ చేశాడు, లెండిల్‌కి చిరాకు తెప్పించాడు. ఐదు సెట్లలో గెలిచాడు, తర్వాత టోర్నీ కూడా. కాళ్లు లేనప్పుడు తలతో ఆడాడన్నమాట.

ఇక మా ఆట చూసుకున్నాం. చూస్తే మా ముగ్గురిదీ ఒకే ఆట కాదు. ఒకడికైతే అసలు పరుగే ఇష్టం లేదు! వాడికి సర్వ్ బలం, అందుకే సర్వ్ చేసి నెట్ దగ్గరికి వెళ్తాడు. ఇంకొకడిది ఎడమ చెయ్యి. వాడు ఫోర్‌హ్యాండ్ మూలకి కొడితే కుడిచేతి వాళ్ల బ్యాక్‌హ్యాండ్‌కి వెళ్తుంది, అదే పదేపదే కొడతాడు. మూడోవాడికే ఓపిక ఎక్కువ, వాడిది మూల నుంచి మూలకి. నెట్ మధ్యలో 3 అడుగులే, స్తంభాల దగ్గర మూడున్నర. పైగా మూలకి కొడితే దాదాపు నాలుగున్నర అడుగుల కోర్టు ఎక్కువ దొరుకుతుంది. తప్పులు సగం అక్కడే తగ్గాయి.

ఈసారి ఎడమచేతి వాడు రెండో రౌండ్ దాటాడు. మిగతా ఇద్దరం మళ్లీ మొదట్లోనే ఓడాం, కాకపోతే 6-4 దాకా లాగాం. సార్ మళ్లీ "చూశారా, ఆ కాళ్లు!" అన్నారు. నోటుబుక్కు చూపించాలనిపించింది, చూపించలేదు.

ఎవరి దగ్గరైనా పాత బంతులుంటే చెప్పండి అన్నా, మావి బోడి అయిపోయాయి.