మళ్ళీ బడికెళ్ళిన అమ్మలు

ఈ ఏడాది సంచికకు "మీరు ముగ్గురూ కలిసి ఏదైనా రాయండి" అని బడి కమిటీవాళ్ళు అడిగారు. పిల్లల్ని తెలుగు క్లాసులో దింపి, ఆ రెండు గంటలూ పక్క గదిలో లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చునే ముగ్గురు ఆడవాళ్ళం మేమే. "ఏం చదువుతున్నారండీ?" అని అడిగినవాళ్ళకు తలా ఒక ముక్క చెప్పాం కానీ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. సీటు వస్తుందో రాదో తెలియని చదువుకు ముందే టముకు వేయడం ఎందుకని ఊరుకున్నాం. ఇప్పుడు ఉత్తరాలు వచ్చేశాయి గనక రాస్తున్నాం.

మాకు మేము ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాం. గుంటూరు చదివింది బి.జడ్.సి. విశాఖ చదివింది ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ. వరంగల్ చదివింది బి.కాం. ముగ్గురివీ పదేళ్ళు దాటిన డిగ్రీలు. పెట్టెలో అడుగున, పెళ్ళి పట్టుచీర కింద ఉండేవి.

వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ళు మళ్ళీ నాలుగేళ్ళు మొదటినుంచి చదవనక్కర్లేకుండా నర్సు అయ్యే దారులు ఇక్కడ ఉన్నాయి. ఒకటి రెండో బ్యాచిలర్ డిగ్రీ. దాన్ని యాక్సిలరేటెడ్ బి.ఎస్.ఎన్. అంటారు, మామూలుగా 11 నుంచి 18 నెలలు. రెండోది నేరుగా మాస్టర్స్. యేల్ యూనివర్సిటీ 1974లోనే నర్సింగ్ చదవని పట్టభద్రుల కోసం మూడేళ్ళ కోర్సు పెట్టింది. కొలంబియాలో అలాంటిది పదిహేను నెలల్లో ముగుస్తుంది. మాస్టర్స్ అనగానే నర్స్ ప్రాక్టీషనర్ అయిపోతారని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. అన్ని కోర్సులూ అలా కాదు. కొన్నిటిలో చివరికి చేతికొచ్చేది మాస్టర్స్ పట్టా, ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసే అర్హతా, అంతే. ప్రాక్టీషనర్ కావాలంటే ఆ తర్వాత ఇంకా చదవాలి. ఏ కోర్సు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. ఇండియాలో బి.ఎస్సీ. నర్సింగ్ చేసి వచ్చినవాళ్ళ దారి పూర్తిగా వేరు, వాళ్ళకు ఈ గొడవ లేదు.

ఇక ఇంట్లో మాట. "ఇంత చదివి నర్సమ్మ పనా?" అని ఫోన్లో అడగని చుట్టం లేరు. వరంగల్ వాళ్ళ అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "అబ్బాయి జీతం చాలడం లేదా అమ్మా, నాతో చెప్పు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో ఇంజక్షన్ చేయించుకునేటప్పుడు నర్సును "అమ్మా, తల్లీ" అంటాం. అదే పని మన ఇంటి పిల్ల చేస్తానంటే మాత్రం మొహం చిట్లిస్తాం. గుంటూరు దగ్గర దీనికి ఒక జవాబు ఉంది. వాళ్ళమ్మ పుట్టింది, తను పుట్టింది కూడా కుగ్లర్ ఆస్పత్రిలో. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళ కోసం 1898లో తెరిచిన ఆస్పత్రి అది. "అక్కడినుంచి ఒకామె వచ్చి మా అమ్మమ్మకు పురుడు పోసే ఏర్పాటు చేసింది. ఇక్కడికొచ్చి నేనొక ముసలమ్మకు బి.పి. చూస్తే పరువు పోతుందా?" అంటుంది. వాళ్ళ మామగారు ఈ మాట విని చాలాసేపు ఏమీ అనలేదట. మర్నాడు ఫోన్ చేసి, "ఫీజు ఎంతమ్మా?" అని అడిగారట.

ఫీజు సంగతి చెప్పాలి. ప్రైవేటు యూనివర్సిటీల్లో మొత్తం ఖర్చు లక్ష డాలర్లు దాటిపోతుంది. 2025లో వచ్చిన చట్టం వల్ల 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను లేదు. గ్రాడ్యుయేట్ కోర్సుకు ఏడాదికి 20,500 డాలర్లే పరిమితి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు గానీ ఈ ఫెడరల్ అప్పులు వాళ్ళకు దొరకవు. మాలో ఒకరిది ఆ పరిస్థితే. అందుకని ముందస్తు కోర్సులన్నీ కౌంటీ కాలేజీలో చవకగా పూర్తి చేశాం.

ఆ ముందస్తు కోర్సులే సగం యుద్ధం. అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, ల్యాబుతో సహా. మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ, న్యూట్రిషన్, మనిషి పుట్టుక నుంచి ముసలితనం దాకా చెప్పే సైకాలజీ. బడిని బట్టి ఒకటి అటూ ఇటూ. చాలాచోట్ల అయిదేళ్ళో ఏడేళ్ళో దాటిన సైన్సు మార్కులు చెల్లవు. అంటే ఎం.ఎస్సీ. చదివిన విశాఖ కూడా, బి.కాం. వరంగల్ పక్కన కూర్చుని, కెమిస్ట్రీ మళ్ళీ మొదటినుంచి చదివింది. పరీక్షలో వరంగల్‌కే ఎక్కువ మార్కులు వచ్చాయి. అది వేరే కథ, దాని గురించి ఇంట్లో మాట్లాడకూడదని ఒప్పందం.

పాత డిగ్రీల కాగితాలు తెప్పించుకోవడం ఇంకో భాగవతం. సీలు వేసిన కవర్లో, యూనివర్సిటీ నుంచే నేరుగా, మార్కుల మదింపు చేసే సంస్థకు చేరాలి. తమ్ముళ్ళు సెలవు పెట్టుకుని పరీక్షల విభాగం ముందు క్యూలో నిలబడ్డారు. మనకు 60 శాతం వస్తే ఫస్ట్ క్లాసని మిఠాయిలు పంచుతారు. ఇక్కడి లెక్కలో 60 అంటే ఫెయిలు గట్టున ఉండే డి గ్రేడు. ఆ తేడా తెలిసినవాళ్ళు మదింపు చేస్తే గానీ మన మార్కులకు న్యాయం జరగదు. మూడేళ్ళ డిగ్రీని కొన్ని బళ్ళు పూర్తి డిగ్రీగా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఎవరు ఒప్పుకుంటారో అడిగి రాయించుకున్నాకే దరఖాస్తు ఫీజు కట్టాం.

పెద్దబాలశిక్షలో పిల్లలకు శరీర భాగాల పాఠం జరుగుతున్న వారమే మాకు ఎముకల పాఠం వచ్చింది. గోడకు అటు "మోచెయ్యి, మణికట్టు, మడమ" అని పిల్లలు అరుస్తుంటే, ఇటు మేము లాటిన్ పేర్లు నమలలేక నమిలేవాళ్ళం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాం కాబట్టి కాలేయం, ప్లీహం, క్లోమం లాంటి మాటలు ఎక్కడో అడుగున ఉన్నాయి. అవి పైకొచ్చాయి. పుస్తకంలో ప్రతి బొమ్మ పక్కనా పెన్సిల్‌తో తెలుగు పేరు రాసుకున్నాం. క్లోమం అంటే ప్యాంక్రియాస్ అని మా పిల్లలకు మేము చెప్పాం. "షుగర్ వచ్చేది దానివల్లే కదా, తాతయ్యకు" అని వాళ్ళు మాకు చెప్పారు.

దరఖాస్తులో అన్నిటికంటే కష్టమైనది వ్యాసం. "నర్సు ఎందుకు కావాలనుకుంటున్నారు?" ఒకటిన్నర పేజీలో చెప్పాలి. సేవ, దయ, చిన్ననాటి కల అని రాసేవాళ్ళు వందలమంది ఉంటారు. మదర్ థెరిసా పేరు రాయకూడదని ముగ్గురం ముందే ఒట్టు పెట్టుకున్నాం. మరి ఏం రాయాలి? రెండు శనివారాలు కాగితం తెల్లగానే ఉంది.

విశాఖ చివరికి తన పక్కింటి పెద్దావిడ గురించి రాసింది. ఆవిడ కూతురి దగ్గరికి ఆరునెలలు ఉండడానికి వచ్చారు. ఒకరోజు ఒంట్లో బాగాలేక ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. కూతురు ఆఫీసునుంచి వచ్చేలోగా డాక్టరు అడిగినదానికి పదేళ్ళ మనవడు తర్జుమా చేశాడు. ఆవిడ "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. వాడు ఉన్నది ఉన్నట్టు "ఐస్ ఆర్ రొటేటింగ్" అన్నాడు. డాక్టరు టార్చిలైటు తీసి కళ్ళు పరీక్షించాడు. వాడి తెలుగులో తప్పు లేదు. మన బడి పిల్లాడే, మంచి మార్కులు వచ్చేవాడే. తల తిరగడాన్ని మనం కళ్ళమీద పెట్టి చెబుతామని వాడికి ఎవరు చెప్పారు? అలాగే "వేడి చేసింది" అంటే జ్వరం కాదు. "నీరసం" అన్న ఒక్క మాటలో ఎన్ని జబ్బులు దాక్కుంటాయో! "నాకు బి.పి. ఉంది" అంటే ఇక్కడి నర్సు నవ్వుతుంది. అది అందరికీ ఉంటుంది కదా! ఎక్కువ ఉందని మనం అన్నట్టు ఆమెకు తెలియదు.

ఆ మాటల పట్టికే విశాఖ వ్యాసం. పిల్లల చేత తర్జుమా చేయించకూడదని, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తప్ప, 2016లో ఫెడరల్ నిబంధన వచ్చింది. ఆస్పత్రిలో తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు, ఫోనులో కలుపుతారు, డబ్బు తీసుకోరు. అమ్మానాన్నలను పిలిపించుకునే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసి ఉండాలని ఇక్కడ రాస్తున్నాం.

వరంగల్ మరో దారి పట్టింది. నర్సింగ్ ఎయిడ్ శిక్షణ తీసుకుంది. దానికి ఫెడరల్ లెక్క ప్రకారం కనీసం 75 గంటలు, రాష్ట్రాన్ని బట్టి ఇంకా ఎక్కువ. తర్వాత ఒక వృద్ధాశ్రమంలో వారానికి రెండు రాత్రులు పనిచేసింది. పక్క తడిపితే మార్చడం, ఒత్తుడు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించడం, అన్నం తినిపించడం. ఈ పని చేశాక కూడా నర్సు కావాలనిపిస్తే అప్పుడు దరఖాస్తు పెట్టమని అందరికీ చెబుతుంది. ఇంటర్వ్యూలో ఆమెను "రోగి మందు వేసుకోనంటే ఏం చేస్తారు?" అని అడిగారు. వాళ్ళ నాయనమ్మ ఏకాదశినాడు షుగర్ మాత్ర వేసుకునేది కాదు. ఉపవాసంలో మందు వేసుకుంటే పుణ్యం పోతుందని కాదు, తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుని ఒకసారి పడిపోయిందని! కారణం అడిగిందాకా ఇంట్లో అందరూ మొండితనమే అనుకున్నారు. "ముందు ఎందుకు వద్దంటున్నారో అడుగుతాను, తర్వాత డాక్టరుకు చెబుతాను" అంది వరంగల్.

సిఫారసు ఉత్తరాలు మూడు కావాలి. పదిహేనేళ్ళ కిందటి మన మాస్టార్లను ఎక్కడ వెతుకుతాం? కౌంటీ కాలేజీ ప్రొఫెసర్ల ఆఫీసు గంటలకు వారం వారం వెళ్ళాం, ప్రశ్న లేకపోయినా ఒకటి తయారుచేసుకుని. సెమిస్టరు చివరికి మైక్రోబయాలజీ మేడమ్‌కు మా పిల్లల పేర్లు కూడా తెలిసిపోయాయి. ఉత్తరం ఆవిడే రాస్తానన్నారు.

ఒక్కొక్కరం అయిదేసి బళ్ళకు పెట్టాం. విశాఖకు నేరుగా మాస్టర్స్‌లో సీటు వచ్చింది. వరంగల్‌కు రెండో బ్యాచిలర్స్‌లో వచ్చింది, ఇంటికి నలభై నిమిషాల దూరం. గుంటూరుకు నాలుగుచోట్ల లేదన్నారు, ఒకచోట వెయిటింగ్ లిస్టు. మార్కులు అందరికంటే ఆమెవే బాగున్నాయి. ఆ ఉత్తరం వచ్చిన శనివారం ముగ్గురం పుస్తకాలు తెరవలేదు. మిగతా ఇద్దరికీ సంతోషంగా ఉందని చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆమే ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, "మీరిద్దరూ చేరాక నోట్సులు జాగ్రత్తగా రాయండి, వచ్చే ఏడాది నాకు కావాలి" అంది. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఇంకా కబురు రాలేదు. రాకపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి న్యూట్రిషన్ క్లాసు ఒకటి, ఆస్పత్రిలో వాలంటీరు పని ఒకటి అప్పుడే మొదలుపెట్టేసింది.

కోర్సు మొదలైతే శనివారాలు కూడా వార్డులో డ్యూటీ పడవచ్చు. పిల్లల్ని బడికి దింపే వంతులు మా శ్రీవార్లు రాసుకుంటున్నారు, ఆ పట్టిక ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. మాకు పని తీరిన కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ పుస్తకాలు బడి లైబ్రరీ అల్మరాలో పెట్టాం. అమ్మలైనా సరే, హైస్కూలు పిల్లలైనా సరే, రిజిస్టరులో పేరు రాసి తీసుకెళ్ళవచ్చు. అనాటమీ పుస్తకం మాత్రం ప్రస్తుతం గుంటూరు దగ్గర ఉంది, అడిగితే ఇస్తుంది. పెన్సిల్‌తో రాసిన తెలుగు మాటలు దయచేసి చెరపకండి.