గోడ అవతల గురక

గురక పెట్టేవాడికి తన గురక వినపడదు. అందుకే ఇంట్లో ఎవరైనా "రాత్రంతా మీ గురకతో కంటిమీద కునుకు లేదు" అంటే మనకు కోపం వస్తుంది. "నేనా? నేనసలు నిద్రేపోలేదు, ఊరికే కళ్ళు మూసుకుని పడుకున్నాను" అంటాం. పాతికేళ్ళుగా సర్కారు ఆస్పత్రిలో రోగుల్ని చూస్తున్న నేను కూడా, ఇంటికొస్తే ఆ మాటతోనే తప్పించుకుంటూ వచ్చాను. ఈ వారం మీకు నా సంగతే చెబుతాను.

మేం ఉండేది విజయవాడలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో. మా పడకగదికీ పక్క ఫ్లాటువారి పడకగదికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. అటువైపు ఒక రిటైరయిన లెక్కల మాస్టారూ, ఆయన భార్యా ఉంటారు. ఇటువైపు మా ఆవిడ నా గురక పడలేక, రెండేళ్ళ క్రితమే దిండూ దుప్పటీ తీసుకుని ముందుగదిలోకి మారిపోయింది. "మీరు హాయిగా పడుకోండి, నేనూ కాస్త నిద్రపోతాను" అంది. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉందనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే మాస్టారు వచ్చారు. కాఫీ తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "డాక్టరు గారూ, ఒక్క మాట, ఏమీ అనుకోకండి" అన్నారు. విషయం నాకు అర్థమైపోయింది. నేనే ముందుగా అందుకుని, "మా వల్ల మీకు నిద్ర చెడుతోంది కాబోలు మాస్టారూ, మన్నించాలి" అన్నాను.

"గురక సంగతి కాదండీ, అది మాకు అలవాటైపోయింది. నా భయమల్లా గురక ఆగినప్పుడే" అన్నారాయన. "రాత్రి రెండు దాటితే నాకు నిద్ర పట్టదు. మీ గురక రైలింజనులా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. నేను మనసులో అంకెలు లెక్కపెడుతుంటాను. పది... పదిహేను... మొన్న ఇరవై ఎనిమిది దాకా వచ్చింది. లేచి మీ తలుపు కొడదామనుకునేసరికి, నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గుర్రుమని ఊపిరి తీసుకున్నారు. మీరు వైద్యులు, మీకు నేను చెప్పేదేమిటని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. మా నాన్న గుర్తుకొచ్చారు.

మా నాన్నది పెద్ద గురక. పల్లెటూళ్ళో వేసవి రాత్రులు వాకిట్లో నవారు మంచం వేసుకుని పడుకుంటే ఆ చప్పుడు గాలిలో కలిసిపోయేది. ఎవరికీ ఇబ్బంది లేదు. "కుంభకర్ణుడి వంశం" అని అందరం నవ్వుకునేవాళ్ళం. పగలు అరుగు మీద పేపరు చదువుతూ చదువుతూ కునుకు తీసేవారు. రక్తపోటు ఉండేది, మాత్రలు వేసుకున్నా సరిగా దిగేది కాదు. 1994లో, నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి పడుకున్నవారు తెల్లవారి లేవలేదు. అప్పటికి ఆయనకు 61 ఏళ్ళు. "నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు" అన్నారు ఊరివాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన పోవడానికి అదే కారణమని ఇవాళ నేను తీర్పు చెప్పను. కానీ పెద్ద గురక, పగటి కునుకు, మందులకు లొంగని రక్తపోటు, ఈ మూడూ ఉన్న రోగి నా ముందు కూర్చుంటే మాత్రం పరీక్ష చేయించకుండా పంపను. ఆ మూడూ నాలోనే ఉన్నాయి! రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా నా రక్తపోటు 150కి తగ్గడం లేదు. ఒకసారి సిగ్నలు దగ్గర కారులో కునికిపాటు పడితే, వెనక బండివాడు హారను కొట్టి లేపాడు. అదంతా వయసు మీద పడటం వల్లనే అనుకున్నాను.

అసలేం జరుగుతుంది?

నిద్రలో ఒంట్లో కండరాలన్నీ సడలుతాయి. గొంతులోవీ అంతే. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరుతున్నప్పుడు మెత్తని అంగిలీ, కొండనాలుకా అదురుతాయి. ఆ అదురే గురక. కొందరిలో దారి ఇరుకవడంతో ఆగదు, పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతుంది గానీ లోపలికి గాలి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణంపాటు లేపుతుంది. దారి తెరుచుకుంటుంది, మళ్ళీ గురక మొదలవుతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. ఇలా ఊపిరి కనీసం 10 సెకండ్లు ఆగడమో బాగా తగ్గడమో జరిగితే ఒకసారిగా లెక్క. గంటకు 5 లోపు ఉంటే ఫరవాలేదు. 15 దాటితే ఓ మోస్తరు, 30 దాటితే తీవ్రం. రాత్రి అన్నిసార్లు ఉలిక్కిపడే గుండెకూ, రక్తనాళాలకూ విశ్రాంతి ఎక్కడిది? రక్తపోటు, గుండె జబ్బు, పక్షవాతం ఈ దారినే వస్తాయి.

గురక పెట్టే ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. మీకు మీరే ఈ ప్రశ్నలు వేసుకోండి. మీ గురక మూసిన తలుపు దాటి వినపడుతుందా? పగలు అలసటగా, మత్తుగా ఉంటుందా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? రక్తపోటు ఉందా? ఊబకాయం ఉందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 16 అంగుళాలు దాటిందా? చొక్కా కుట్టే టైలరును అడిగితే చెబుతాడు. మీరు మగవారా? వీటిలో మూడింటికి అవునని జవాబు వస్తే డాక్టరును కలవండి. రాత్రి నిద్రలో ఊపిరినీ, ప్రాణవాయువునూ కొలిచే స్లీప్ స్టడీ అనే పరీక్ష ఉంది. చాలామందికి ఇప్పుడు ఇంట్లోనే చేయవచ్చు.

నాకు గంటకు 34 వచ్చింది.

గురక పెట్టేవారు చేయవలసింది

పక్కకు తిరిగి పడుకోండి. నిద్రలో వెల్లకిలా తిరగకుండా బనియను వీపు మీద చిన్న జేబు కుట్టించి అందులో ఒక టెన్నిస్ బంతి పెట్టుకోవచ్చు. నవ్వకండి, కొందరికి ఇదొక్కటే చాలు. బరువు ఎక్కువ ఉంటే తగ్గండి. సాయంత్రం మద్యం, సిగరెట్లు మానండి. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు, అవి గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. ముక్కు దిబ్బడ ఉంటే చూపించుకోండి. పిల్లలు రోజూ గురక పెడితే ముద్దుగా ఉందని ఊరుకోకండి. టాన్సిల్సో, అడినాయిడ్సో పెరిగి ఉండవచ్చు.

జబ్బు తీవ్రంగా ఉన్నవారికి సీప్యాప్ అనే యంత్రం ఉంది. ముక్కుకు తగిలించుకునే గొట్టంలోంచి గాలిని కాస్త ఒత్తిడితో పంపి దారి మూసుకుపోకుండా ఆపుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రకటించారు. మొదటి వారం నేను రోజూ నడిరాత్రి దాన్ని పీకేసి పారేశాను. మూడో వారానికి అలవాటైంది. యంత్రం పడనివారికి దంతవైద్యులు అమర్చే నోటి పరికరాలున్నాయి, కొందరికి ఆపరేషన్లూ పనికొస్తాయి.

అపార్టుమెంటులో ఉన్నవారు ఇంకో పని చేయాలి. మంచం తల ఉమ్మడి గోడకు ఆనించి ఉంటే, దాన్ని అవతలి గోడవైపుకు మార్చండి. ఉమ్మడి గోడకు బట్టలు నిండిన బీరువా, పుస్తకాల అలమర చేర్చండి. చప్పుడు గోడలోంచే రానక్కరలేదు. స్నానాలగది వెంటిలేటరు, ఏ.సి. గొట్టం కోసం చేసిన రంధ్రం చూసుకుని సందులు పూడ్పించండి. గోడకు పలచని స్పాంజి అట్టలు అంటిస్తే మీ గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది గానీ పక్కింటికి పోయే చప్పుడు పెద్దగా ఆగదు. డబ్బు దండగ.

పక్కింటివారు చేయవలసింది

2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రిపూట చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. మామూలుగా మాట్లాడుకునే మాటలే సుమారు 60 ఉంటాయి. గట్టి గురక అంతకు మించగలదు. అయినా నిద్రపోయే మనిషి గొంతు మీద ఎవరు కేసు పెడతారు? అర్ధరాత్రి గోడ బాదకండి, అసోసియేషను మీటింగులో నలుగురి ముందు అనకండి. పొద్దున ఇంటికి వెళ్ళి, నవ్వుతూ, ఒంటరిగా చెప్పండి. అంతదాకా దూది కంటే ఫోము చెవి బిరడాలు మేలు. ఫ్యాను తిరిగే ఒకే రకమైన చప్పుడు కూడా గురకను కొంత కప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు ఆగిపోవడం మీరు విని ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. మొహమాటపడవద్దు. గురక భరించలేక భార్యో, భర్తో వేరే గదిలోకి మారిన ఇళ్ళలో ఆ సంగతి చెప్పే మనిషే ఉండరు. మా ఇంట్లో జరిగింది అదే.

నాలుగు నెలలయింది. నా రక్తపోటు కాస్త దిగింది, మాత్రలు మాత్రం మానలేదు. మధ్యాహ్నం ఓ.పి.లో కునుకు రావడం లేదు. మా ఆవిడ దిండూ దుప్పటీ వెనక్కి వచ్చాయి. మొన్న లిఫ్టు దగ్గర మాస్టారు కనపడి, "ఇప్పుడు లెక్కపెట్టడానికేమీ లేదండీ, ఏమీ తోచక నాకూ నిద్ర పట్టేస్తోంది" అన్నారు.

మీ గురక గురించి ఎవరైనా చెబితే కోపగించుకోకండి. వారిని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి. "గురక సరే, మధ్యలో నా ఊపిరి ఆగుతోందా?" అని. మా నాన్నను చూసి ఆ ప్రశ్న వేసినవారెవరూ లేరు, డాక్టరు చదువు చదివిన కొడుకుతో సహా.