సోడా నీది, సీసా నాది

పాతపట్నంలో మా తాతయ్యకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. డెబ్బైల చివరి మాట. వేసవి సెలవులన్నీ నాకు ఆ కొట్టు అరుగు మీదే గడిచేవి. వీధి కుక్క కూడా నీడ వదలని మిట్టమధ్యాహ్నం, సైకిలుకి చెక్క పెట్టె కట్టుకుని సోడా మావ వచ్చేవాడు. మలుపు తిరక్కముందే సీసాల గలగల వినిపించేది. బొటనవేలితో గోళీని నొక్కితే కీచుమని ఓ కూత, ఆ వెంటనే పొంగు. సీసా పట్టుకుని నేను ఇంట్లోకి పరిగెత్తబోతే జబ్బ పట్టుకుని ఆపేవాడు.

"సోడా నీది బావూ, సీసా నాది. ఇక్కడే తాగీసి ఇచ్చీ."

తాగినంతసేపూ ఎదురుగా నిలబడి కాపలా కాసేవాడు. నన్ను దొంగలా చూస్తున్నాడని ఉడుక్కునేవాణ్ణి. తాతయ్య గల్లాపెట్టె వెనక నవ్వుకునేవాడు. ఆయనా అదే తంతు మరి. నౌపడ నుంచి ఉప్పు గోనెల్లో వచ్చేది. ఖాళీ అయిన గోనెల్ని దులిపి, మడతపెట్టి, లెక్క రాసి, తిరుగు బండికి అప్పజెప్పేవాడు. ఒక్క గోనె తగ్గినా ఆ రోజంతా ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

ఆ ఉప్పు మా ఊరు చేరేది చిన్న రైల్లో. పర్లాకిమిడి సంస్థానం వేయించిన రెండున్నర అడుగుల పట్టా అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, తర్వాత గునుపురం దాకా సాగింది. సముద్రం ఒడ్డున మడుల్లో పండిన ఉప్పు కొండల వైపుకీ, కొండల సరుకు కిందికీ. కొట్టు కట్టేసినా ఉప్పు బస్తా మాత్రం రాత్రి బయటే ఉండేది. ఉప్పుని ఎవరూ దొంగిలించరు. తెల్లారి ఆడవాళ్ళు ముంతలు తెచ్చుకుని కొలిపించుకునేవారు. నూనెకైతే ఎవరి సీసా వాళ్ళదే. సీసా మెడకి తాడు కట్టి పిల్లల్ని పంపేవారు. గిద్దతో కొలిచి పోశాక, చివరి బొట్టు జారేదాకా తాతయ్య గరాటు ఎత్తేవాడు కాదు. పచారీ సామాను అమ్మేవాడికి ఓపికే సగం పెట్టుబడి అని నాకు అక్కడే తెలిసింది.

సంత రోజున సవరలు కొండ దిగేవారు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అన్నిటికంటే ముఖ్యంగా అడ్డాకు కట్టలు. మా నానమ్మ అరుగు మీద కూర్చుని సన్నటి పుల్లలతో విస్తళ్ళు కుట్టేది. వెడల్పాటి రెండు మూడు ఆకుల్ని ఒకదాని మీదకొకటి ఒరిపి గుచ్చితే పప్పుచారు పోసినా కిందికి కారదు. పెళ్ళి భోజనాలయ్యాక ఎంగిలాకుల కుప్ప మీద ఆవులూ మేకలూ తగువులాడుకునేవి. తెల్లారేసరికి సగం కుప్ప మాయం. మిగిలింది పెంటలోకి, పెంట నుంచి పొలంలోకి. దీనికి అప్పుడు పేరేం లేదు.

ఇంత చెప్పి అదంతా బంగారు కాలమని నమ్మబలకను. ఆ సంతలో కొండవాళ్ళ అమాయకత్వం మీద కట్టిన మేడలు లేకపోలేదు. తూకంలో మోసపోకుండా వాళ్ళ సరుకు కొనడానికనే కదా 1956లో ప్రభుత్వం గిరిజన సహకార సంస్థని పెట్టింది. మేం లొట్టలేస్తూ తిన్న పకోడీ పొట్లాల సిరా అక్షరాలు నూనెకి వేళ్ళకంటుకునేవి. న్యూస్‌పేపర్లో తినుబండారాలు చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నియమాల్లో రాసుకుంది, సరైన పనే. గొంతు కింద కాయతో కొండ దిగిన మనుషుల్ని అదే సంతలో చూశాను. అయొడిన్ లేని ఉప్పుని తిండికి అమ్మకూడదని 2006లో కేంద్రం నిషేధిస్తే తప్పెలా పడతాను? కాకపోతే మా ముంత ఉప్పు కవర్లోకి దూరింది.

మా మేనత్తది పలాస. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టేవారు. జీడి చర్మాన్ని కాలుస్తుందని చేతులకి బూడిద పూసుకునేవారు. అయినా వేళ్ళు బొగ్గుల్లా ఉండేవి. కిలోకింతని కూలి. తెల్లటి గుండు పప్పు చూసి "ఎంత బావుందో" అన్నానోసారి. "పప్పు తెల్లనిదేరా, చెయ్యే నల్లబడ్డాది" అంది ఒకామె నవ్వుతూనే. ఆ చేతుల సంగతి నేను చూసిన ఏ పప్పు పొట్లం మీదా లేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఉద్యోగం చివరి ఏళ్ళలో నాకు దక్కిన పని వల్ల. విశాఖలో ఓ తినుబండారాల కంపెనీలో లెక్కలు చూసేవాణ్ణి. 2013 కంపెనీల చట్టం వచ్చాక, పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలన్నారు. బడికి బల్లలిచ్చాం, ఫోటోలు తీయించాం. తర్వాత ప్లాస్టిక్ వంతు వచ్చింది. కవరు చేసినవాడూ, అందులో సరుకు నింపి అమ్మినవాడూ ఆ చెత్తకి పూచీపడాలని 2016 నియమాలు చెప్పాయి. 2022లో దాన్ని లెక్కగట్టే పద్ధతి వచ్చింది. కాగితాల మీద చూసినప్పుడు నాకు ఎంతో సంతోషమేసింది. ఇది సోడా మావ చట్టమే కదా!

కాదు. మావ తన సీసానే అడిగేవాడు. ఇక్కడ అదే రకం ప్లాస్టిక్‌ని దేశంలో ఎక్కడో ఎవరో ఏరి, శుద్ధి చేస్తే, ఆ సర్టిఫికెట్ కొనుక్కున్నా మన లెక్క సరిపోతుంది. అల్యూమినియమూ ప్లాస్టిక్కూ పొరలు పొరలుగా అతికించిన అయిదు రూపాయల పొట్లం పాతపట్నం కాలవలో ఉన్నా, నా పట్టికలో వందకి వంద. అన్యాయమనలేను, అసలు ఏరడమంటూ మొదలైంది. కానీ ఆ పట్టిక కింద సంతకం పెట్టిన రోజుల్లోనే ఊరెళ్ళి మహేంద్రతనయ ఒడ్డున నిలబడితే, ముళ్ళకంపకి తగులుకుని మా పొట్లమే మెరుస్తోంది. రంగు ఎక్కడున్నా గుర్తుపడతాను, దాని ఖర్చు నేనే రాశాను గనక. జేబులో పెట్టుకున్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

తిరుగు ప్రయాణం స్టేషనుకి వచ్చాను. చిన్న రైలు 2004లో ఆగిపోయింది, ఇప్పుడున్నది పెద్ద పట్టా. గునుపురం నుంచి విశాఖ వెళ్ళే బండి కోసం ఎదురుచూస్తూ ఓ కుర్రాడి దగ్గర సోడా కొన్నాను. ప్లాస్టిక్ సీసా. అలవాటుగా అక్కడే నిలబడి, గుక్క తిప్పుకోకుండా తాగేసి, సీసా చాచాను. కుర్రాడు తీసుకోలేదు.

"సీసా ఎవరికివ్వాలి బావూ?"

వాడు నన్ను విచిత్రంగా చూశాడు.

"సీసా కూడా మీదే సార్. డబ్బులిచ్చీసారు గదా."