మూతలో సగం అన్నం



గుంటూరు నుండి నరసరావుపేట వెళ్ళే దారిలో ఫిరంగిపురం ఉంది. అక్కడి బాలయేసు దేవాలయం పేరు మీరు వినే ఉంటారు. 1904లో హాలెండ్ నుండి జె.ఎం.జె. కన్యస్త్రీలు గుంటూరు వచ్చి ఆడపిల్లలకు చదువు చెప్పారు. ఆ ప్రాంతంలోనే ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను.

మధ్యాహ్నం గంట కొట్టగానే అన్ని మతాల, అన్ని పేటల పిల్లలూ ఒకే వరుసలో కూర్చున్నారు. సిస్టరుగారు చేతులు జోడించగానే కళ్ళు మూసుకొన్నారు. ఒక బాబు క్యారియరు తేలేదు. ప్రక్కనున్న పాప అడగకుండానే తన అన్నంలో సగం మూతలో పెట్టి జరిపింది.

నా మనస్సు చివుక్కుమన్నది. వారి ఆచారాలు వేరు, మనవి వేరు. కాని ప్రభువు బల్ల యొద్ద సహితము మనము పేటల వారీగా కూర్చుండుట లేదా? 133వ కీర్తన మీద నేనెన్నో ప్రసంగాలు చేశాను. ఆ పాప ఒక్క మాట లేకుండా చేసింది.

వచ్చే ఆదివారం ఎవరి ప్రక్కన కూర్చుందాం?