రోసో నుంచి కొండ మీదికి: కారిబ్ పిట్టల జాడలో

కరీబియన్ దీవి డొమినికాకు రాజధాని అయిన రోసోలో, కొండ పాదాన పరుచుకున్న వృక్షోద్యానం అక్కడి హమ్మింగ్ బర్డ్‌లను పరిచయం చేసుకోవడానికి అనువైన మొదటి మజిలీ. 1979లో డేవిడ్ తుపానుకు ఒరిగిన బవోబాబ్ చెట్టు, దాని కింద నలిగిన బస్సు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ చుట్టుపక్కల పూలపొదల మీద, రొమ్ముపై నీలి మచ్చ గల ఆకుపచ్చ గొంతు కారిబ్ గాలిలో ఒకేచోట నిలిచి తేనె తాగుతుంది. మన పెరటి మందారాలపై వాలే తేనెపిట్టకూ దీనికీ చుట్టరికం లేదు, అవి వేరే కుటుంబానికి చెందినవి. ఈ కారిబ్ చెందిన యూలాంపిస్ అనే ప్రజాతిలో ఉన్న జాతులు రెండే, రెండూ ఈ దీవిలో ఉన్నాయి. కారిబ్ అన్నది ఇక్కడి మూలవాసులైన కాలినాగోలకు పూర్వం ఇతరులు వాడిన పేరు.

రెండవ జాతి అయిన ఊదా గొంతు కారిబ్‌ను చూడాలంటే, 1997లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన మోర్న్ త్వా పితోం జాతీయ ఉద్యానవనం వైపు, తడి అడవిలోకి ఎక్కాలి. నీడలో ఇది నల్లని పిట్టే. మెడ తిప్పగానే, ఈకలలోని సూక్ష్మమైన పొరలు వెలుతురును పరావర్తనం చేయడం వల్ల, గొంతు ఒక్కసారిగా ఎర్రని ఊదారంగులో మండుతుంది. అయితే గొంతు రంగుతో తృప్తిపడే సందర్శకుడు అసలు విశేషాన్ని చూడలేదనే చెప్పాలి, ఎందుకంటే అది ముక్కులో ఉంది. ఊదా గొంతు కారిబ్‌లో ఆడదాని ముక్కు మగదానికంటే సుమారు 30 శాతం పొడవు, వంపు దాదాపు రెట్టింపు.

దీనికి కారణం దారి పక్కన హెలికోనియా గుబుర్లలోనే కనిపిస్తుంది. అరటికి దగ్గరి బంధువైన ఈ మొక్కలో, పూలను దాచుకునే దోనె ఆకారపు రంగు ఆకులను పుచ్ఛాలంటారు. హెలికోనియా కరీబియా పూలు పొట్టివి, తిన్ననివి. వాటిని బరువైన మగపిట్ట తన సొంతం చేసుకొని కాపలా కాస్తుంది. హెలికోనియా బిహాయ్ పూలు పొడవైనవి, వంపు తిరిగినవి. అవి ఆడపిట్టకు దక్కుతాయి. సెయింట్ లూసియా దీవిలో ఈ పొంతనను గుర్తించిన ఈథన్ టెమెలిస్ బృందం 2000లో దానిని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ఒకే జాతిలో ఆడ, మగ పిట్టలు రెండు రకాల పూలకు అనుగుణంగా మలచబడడం, రెండు జాతుల మధ్య రంగుభేదం కన్నా ఎంతో ఆశ్చర్యకరమైనది. బిహాయ్ దోనెలో వాననీరు నిలిచి ఉండగా, ఆడపిట్ట ఆ నీటిని తాకకుండానే ముక్కును మొదలంటా పువ్వులోకి జొనిపి, పుప్పొడి అంటిన ముఖంతో వెనక్కి ఎగిరి మరో పువ్వు వైపు తిరుగుతుంది.