నజరేతు నుండి వచ్చిన గిటారు

మా ఇంట్లో ఒక పాత గిటారు ఉన్నది. దాని వెల 1,20,000 రూపాయలు అని చెప్పితే మా ఊరిలో సగము మంది నమ్మరు. నమ్మినవారు, "ఆ డబ్బుతో మంచి గేదె వచ్చేది కదండీ" అంటారు. ఆ గేదె లెక్క మేమూ వేసుకున్నాము. అయినా గిటారే కొన్నాము. దానిని కొనేటప్పుడు మా మనస్సులో జరిగినదంతా చెప్పుకోవడానికి గొప్పగా లేదు గాని, దాచకుండా వ్రాస్తున్నాము.

మేమిద్దరము రేపల్లె దగ్గర ఒక పల్లెలో కాపురము ఉంటున్నాము. ఒకరము బడిలో పాఠాలు చెప్పుతాము, ఒకరము రెండెకరాల పొలము చూసుకుంటాము. మా పెద్దబ్బాయి 13వ యేట నుండి ఆరాధనలో గిటారు వాయిస్తున్నాడు. సాయంకాలము పిల్లలకు నేర్పిస్తాడు. పెండ్లిండ్లకు, స్మారక కూడికలకు పిలిచినవారి ఊరికి వెళ్ళి వాయిస్తాడు. వాడి చేతిలో ఉన్నది కలకత్తాలో చేసిన ప్లైవుడ్ గిటారు. ఆరు సంవత్సరములు పాపము నమ్మకముగానే పనిచేసింది. ఒక మే నెలలో కూడికల పందిరిలో, ఆ ఎండకు తీగలు కట్టే బ్రిడ్జి లేచిపోయింది. జిగురు పెట్టి, పైన ఇటుక పెట్టి, రెండు దినములు ఉంచాము. మూడవ ఆదివారము పాట మధ్యలో అది మళ్ళీ లేచింది.

క్రొత్తది పది పన్నెండు వేలలో వస్తుంది. అది కొంటే ఈ మాట ఇంతటితో అయిపోయేది. కాని మావాడు గుంటూరులో ఒకసారి మార్టిన్ గిటారు విన్నాడు. ఆ రాత్రి వాడు అన్నము సరిగా తినలేదు. ప్లైవుడ్ అంటే పొరలు అతికించిన చెక్క. మంచి గిటారు పై పలక ఒకే మానులో నుండి కోసినది, అందుకే తీగ కదలిక చెక్క అంతటా పాకుతుంది అని మాకు విడమరచి చెప్పాడు. మన దేశములో క్రొత్త మార్టిన్ డి-28 కొనాలంటే 3 లక్షలకు పైమాటే. మా దగ్గర చీటీ పాడిన డబ్బు 85,000 ఉన్నది. కనుక ఫోనులో పాత వస్తువులు అమ్మేచోట వెదకడము మొదలుపెట్టాము.

మొదటి దెబ్బ అక్కడే తిన్నాము. సైన్యములో పని చేస్తున్నానని, బదిలీ అయినందున తక్కువకు అమ్ముతున్నానని ఒకడు గుర్తింపు కార్డు ఫొటో కూడ పంపించాడు. రవాణాకు ముందుగా 4,500 కట్టమన్నాడు. కట్టాము. మరునాటికి ఆ నంబరు లేదు. ఇలా మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని మాకు తరువాత తెలిసింది. మీరు ఏదైనా అమ్మేటప్పుడు కూడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మనకు డబ్బు రావలసినప్పుడు మనము పిన్ను నొక్కవలసిన పని ఎన్నటికీ లేదు. నొక్కమన్నవాడు మన డబ్బు తీసుకొనేవాడే.

తరువాత నాలుగు నెలలకు ఒక ప్రకటన కనబడింది. "మావారి పాత గిటారు, పెట్టెతో సహా 45,000." ఒకే ఒక్క ఫొటో, అదీ మసకగా ఉన్నది. ఆ కంపెనీ పేరు వేసిన నకిలీలు చాలా ఉంటాయి, ఇదీ అలాంటిదే కావచ్చు అన్నాడు అబ్బాయి. ఫోను చేస్తే ఒక పెద్దామె మాట్లాడారు. కూరగాయల దగ్గర బేరము ఆడినట్టే అలవాటుగా 40,000కు ఇస్తారా అన్నాము. సరే రండి అన్నారామె. ఈసారి చూడకుండా ఒక్క రూపాయి కూడ పంపకూడదని రైలు ఎక్కి సికింద్రాబాదు వెళ్ళాము.

మెట్టుగూడలో పాత డాబా ఇల్లు. ఆమె భర్త సరుకుల ఓడలో పనిచేసేవారట. 1977లో న్యూయార్కులో దానిని కొని తెచ్చుకున్నారట. ఆయన పోయి రెండేళ్ళు. మాకు టీ ఇచ్చి, మంచము క్రింద నుండి నీలిరంగు గట్టి ప్లాస్టిక్ పెట్టె లాగారు. మూత తెరవగానే పాత చెక్క వాసన వచ్చింది.

మావాడు ముఖము చూసుకొనే చిన్న అద్దము, ఫోను లైటు పెట్టి గిటారు కడుపులోనికి చూశాడు. మెడ వచ్చి లోపల కలిసే దిమ్మె మీద డి-28 అనియు, దాని క్రింద వరుస నంబరు అచ్చుగుద్ది ఉన్నది. ఏ నంబరు ఏ యేటిదో ఆ కంపెనీ పట్టీలో చూడవచ్చును. మావాడు చూసి 1976 అన్నాడు. పై పలకను వ్రేలి కణుపుతో మెల్లగా తట్టుతూ, లోపలి బద్దీలు ఏవైనా ఊడి గిలగిలలాడుతున్నవేమో విన్నాడు. నల్లని ప్లాస్టిక్ రేకు అంచు వెంట సన్నని చీలిక కనబడింది. ఆ రోజులలో ఆ రేకును పచ్చి చెక్క మీదనే అతికించేవారు. అది సంవత్సరములు గడిచే కొద్దీ ముడుచుకొని చెక్కను చీల్చుతుంది. 12వ ఫ్రెట్టు దగ్గర స్కేలు పెడితే తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నది. రెండున్నర ఉంటే చాలు. ఆ కాలపు మార్టిన్లలో మెడను సవరించే మర ఉండదు. మెడను ఊడదీసి మళ్ళీ కూర్చవలసిందే. ఇన్ని లోపములు ఉన్నా అది అసలైనదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ అనే జర్మనీ పనివాడు 1833లో న్యూయార్కులో దుకాణము పెట్టి, కొన్నేండ్లకు పెన్సిల్వేనియాలో మొరేవియన్ విశ్వాసులు స్థాపించిన నజరేతు అనే ఊరి ప్రక్కకు వెళ్ళాడు. ఆ కంపెనీ నేటికీ ఆ నజరేతులోనే ఉన్నది. వడ్రంగి పనికీ నజరేతుకూ సంబంధము క్రొత్తది కాదని మేము నవ్వుకున్నాము. ఇంకొక చిత్రము. ఈ గిటారు వీపు, ప్రక్కలు రోజ్‌వుడ్డు. 1969 వరకు ఈ రకానికి బ్రెజిల్ మాను వాడేవారు. ఆ దేశము దుంగల ఎగుమతి ఆపినందున భారతదేశపు మానుకు మారారు. మన అడవులలో జిట్రేగి అంటారే, ఆ జాతి. మన వైపు చెట్టు నజరేతు వెళ్ళి, గిటారై, ఓడ ఎక్కి, మెట్టుగూడలో మంచము క్రింద పడుకున్నది.

మావాడు బాల్కనీలోనికి పిలిచి రహస్యముగా, "మరమ్మతు ఖర్చు పోయినా లక్ష దాటుతుంది నాన్నా" అన్నాడు. అప్పుడు మా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ప్రభువు ఇచ్చాడు" అన్నాము. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట!

లోపలికి రాగానే ఆమె, "మంచిదేనా బాబూ? నాకేమీ తెలియదు. వాయించేవారు మీరే చెప్పాలి" అన్నారు. మేము ఒకరి ముఖము ఒకరు చూసుకున్నాము. "పాతది కదండీ అమ్మగారూ, చీలిక ఉన్నది, మెడ కూడ లేచింది" అన్నాము. అందులో అబద్ధము లేదు. 2,000 బయానా ఇచ్చి, మిగిలినది ప్రొద్దున తెస్తామని చెప్పి మల్కాజిగిరిలో బంధువుల ఇంటికి వెళ్ళాము.

నిద్ర పట్టలేదు. ఆమె చెప్పిన వెలే కదా ఇస్తున్నాము, మనము తగ్గించమంటే తగ్గించారు, బలవంతము ఏమున్నది అని ఒకరము. నిజము చెప్పినా అంత ఇచ్చుకోలేము, చెప్పి లాభమేమిటి అని ఒకరము. అబ్బాయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారుజామున మా ధాన్యము సంగతి జ్ఞాపకము వచ్చింది. ఒక సంవత్సరము ఒక దళారి మా కల్లము దగ్గరకు వచ్చి, గింజలు నోటిలో వేసుకొని కొరికి, "తేమ ఉన్నదండీ" అన్నాడు. తేమ ఉన్న మాట నిజమే. మిల్లులో ధర పెరిగిందన్న మాట మాత్రము అతడు చెప్పలేదు. మాకు తెలిసేటప్పటికి బస్తాలు లారీ ఎక్కాయి. ఆ సంవత్సరమంతా ఆ మనిషిని మేము ఏమన్నామో మా వీధికంతా తెలుసు. అతని తేమ, మా చీలిక రెండూ ఒకటే కదా అని మాలో ఒకరము అన్నాము. రెండవవారము జవాబు చెప్పలేదు. లేచి దీపము వేశాము.

ప్రొద్దున వెళ్ళి చెప్పాము. ఆమె సంతోషిస్తారనుకున్నాము. లేదు. చాలాసేపు ఊరుకొని, "అయితే నిన్ననే మీకు తెలుసునా?" అని అడిగారు.

"తెలుసండీ."

ఆమె లోపలికి వెళ్ళి మా 2,000 తెచ్చి బల్ల మీద పెట్టారు. మా అబ్బాయిని అడగాలి, వాడు ఊరిలో లేడు అన్నారు. టీ ఇవ్వలేదు. వట్టి చేతులతో రైలు ఎక్కాము. మిర్యాలగూడ దాటేవరకు మావాడు మాతో మాట్లాడలేదు.

19 దినములకు ఫోను వచ్చింది. ఆమె కుమారుడు ఒక దుకాణములో చూపించగా, ఉన్నది ఉన్నట్టు 1,20,000 ఇస్తామన్నారట. "అంతే ఇస్తే మీకే ఇస్తాను" అన్నారు. మా దగ్గర ఉన్నది 85,000. మిగిలిన 35,000 నెలకు 7,000 చొప్పున అయిదు నెలలు కట్టుతామన్నాము. "కాగితము వ్రాసి సంతకము పెట్టండి" అన్నారు. మా ఇద్దరి చేత పెట్టించారు. ఎందుకు అడిగారో మాకు తెలుసు గనుక మారుమాట చెప్పలేదు.

మెడ ఊడదీసి కూర్చడము బెంగుళూరులో ఒక పనివాడు చేశాడు. ఆవిరి పట్టించి పాత జిగురు కరిగించి, మెడ మొన చెక్కి, మళ్ళీ బిగించాడు. ఆ ఖర్చు మావాడే పెండ్లిండ్లలో వాయించి సంపాదించాడు. ఇప్పుడు 12వ ఫ్రెట్టు దగ్గర స్కేలు రెండున్నర చూపిస్తున్నది. ఇటువంటి చెక్కకు గాలిలో తేమ 45 నుండి 55 శాతము ఉండాలి. మా ఊరికి ఆ సంగతి ఎవరు చెప్పాలి! వానాకాలములో పెట్టెలో తేమ పీల్చే పొట్లములు పెట్టుతాము. మే నెల వడగాలికి, సబ్బు పెట్టెకు చిల్లులు పొడిచి తడి స్పాంజి ఉంచుతాము. మావాడు దానిని పందిరిలో ఎండ తగిలేచోట ఇక పెట్టడు. కుర్చీకి ఆనించి వెళ్ళిన పిల్లవానికి బాగానే చీవాట్లు పడ్డాయి.

40,000కే వచ్చేది అని మాలో ఒకరము ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాము. ఎవరమో వ్రాయము.

అయిదవ వాయిదా పంపిన వారము తరువాత టపాలో ఒక కవరు వచ్చింది. మేము సంతకము పెట్టిన కాగితము, దాని మీద అడ్డముగా ఎఱ్ఱ సిరాతో "చెల్లు" అని వ్రాసి ఉన్నది. దానితో పాటు చిన్న సంచిలో ఆయన వాడిన రెండు మీటు బిళ్ళలు. ఒకదాని అంచు బాగా అరిగిపోయి ఉన్నది. మావాడు దానిని వాడడు. కాగితముతో పాటు ఆ నీలి పెట్టె అరలో ఉంచాడు.