దిగనివాళ్ళ ఊరు

బంగారుపేట దాటి మారికుప్పం బండి మలుపు తిరిగాక ముందు కనపడేవి సైనైడు దిబ్బలు. రాతిని పిండిగొట్టి, బంగారం తీసుకుని, మిగిలిన మట్టిని ఏళ్ళ తరబడి పోస్తే అవి గుట్టలయ్యాయి. కోరమండల్ తర్వాత ఊరిగాం. స్టేషను అదే, గాలికి లేచే ఆ దుమ్మూ అదే. సొంతూరికి పోయినవాళ్ళు ఊరు గుర్తుపట్టలేనంత మారిపోయిందంటారు. మా బంగారు గనుల ఊళ్ళో చాలా వాటిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. లేనిదల్లా చప్పుడే.

మా చిన్నప్పుడు పొద్దు సైరన్‌తో నడిచేది. అది కూస్తే ఒక షిఫ్టు దిగుతుంది, ఇంకొకటి ఎక్కుతుంది. అమ్మ ఎసరు పెట్టడం, మేం బడికి పరుగెత్తడం, వీధి కొళాయి దగ్గర బిందెల తగువు, అన్నీ ఆ కూతను బట్టే. గని కార్మికుల లైను ఇళ్ళలో గోడకు ఇటు తెలుగు, అటు తమిళం. ఇంట్లో తెలుగులో తిట్లు తిని, వీధిలో తమిళంలో ఆడుకుని, బడిలో కన్నడం రాసేవాళ్ళం. ఏ భాష ఎవరిదని ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానం చూసి ఈ ఊరిని చిన్న ఇంగ్లండు అనేవారు. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చింది, బెంగళూరుకంటే మాకే ముందని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్పలో మా లైన్ల వాటా తక్కువే అయినా, వింటుంటే మాకూ ఛాతీ పొంగేది.

కొన్ని రాత్రులు నేల ఒక్కసారిగా అదిరేది. గూట్లో గిన్నెలు గలగలమనేవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత కింద, పైనున్న బరువుకు తట్టుకోలేక రాయి పేలిపోతుంది. మాకు గిన్నెల మోత తమాషా. నాయిన రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు అదిరిందా, అమ్మ ఇక పడుకునేది కాదు. వాకిట్లో నిలబడేది. పక్కింటి వాకిట్లో ఇంకొకరు. ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. తెల్లారి టోపీలు తలకాయలతో సహా సందు మలుపు తిరిగితే, అప్పుడు పొయ్యి వెలిగేది.

ఇప్పుడు ఆ సందులో నిలబడి, నాకు బెంగ దేని మీద అని నన్ను నేనే అడిగితే జవాబు తిన్నగా రాదు. సైరన్ మళ్ళీ వినాలనిపిస్తుంది. ఆ కూతకు అర్థం ఎవరో గనిలోకి దించే కేజ్‌లో నిలబడి చీకట్లోకి దిగడమని తెలిసీ అనిపిస్తుంది. పసివాడి జ్ఞాపకంలో కూత మిగిలింది, వాకిట్లో అమ్మ పడ్డ భయం అమ్మతోనే పోయింది. మనం తియ్యగా తలుచుకునే బాల్యం ఖరీదు తరచూ ఇంకొకరు కట్టి ఉంటారు.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతం పోయిన ఇళ్ళలో ఏడుపు, కోపం, కోర్టులు, అన్నీ చూశాం. నాయినా బాధపడ్డాడు. అయినా రాతిదుమ్ము పట్టిన ఆ గొంతుతోనే, దగ్గుకీ దగ్గుకీ మధ్య, ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: “ఈ దిగడం నాతోనే ఆగిపోవాలబ్బోడా. నువ్వు సదువుకో.” మా లైన్లో దాదాపు ప్రతి నాయినా కొడుకుతో ఆ మాటే అన్నాడు.

అందుకే ఖాళీ ఇళ్ళను చూసి ఊరు పాడైపోయిందని అనడానికి నాకు నోరు రాదు. గని పెట్టిన కూడు వాళ్ళకు కావాలి, గని మాత్రం పిల్లలకు వద్దు. ఆ రెండు కోరికల్లో ఒకటి నెరవేరింది. దానికి ఊరే మూల్యమైంది. ఇవాళ తెల్లారకముందే వందలమంది బెంగళూరు బండి ఎక్కుతున్నారు. నిద్ర చాలని ముఖాలే, కాళ్ళు పీకే పనులే. కానీ నేల అదిరితే ఇంట్లోవాళ్ళు వాకిట్లో నిలబడాల్సిన పని లేదు.

గని మళ్ళీ తెరుస్తారని అప్పుడప్పుడూ ఊళ్ళో మాట లేస్తుంది. టీ కొట్టు దగ్గర కళ్ళు మెరుస్తాయి. నా కళ్ళూ మెరుస్తాయి, ఆ ఊరి బిడ్డనే కదా. ఆ తర్వాత మాత్రం ఒక ప్రశ్న అడగకుండా ఉండలేను: ఈసారి దిగేది ఎవరి నాయిన?